చిన్నాయన కోసిన తెరచాప

ఆ పడవను మా ఇంట్లో ఎవరూ పడవ అనలేదు. అంజూర్ ఫాటా కూడలి దగ్గర ఒక గోదాము ఖాళీ చేస్తుంటే చిన్నాయన అక్కడ మిగిలిన నూలు కొన్నాడు. మూలన పడి ఉన్న సామాను కూడా ఎత్తుకుపోతేనే నూలు ఇస్తామని గోదాము వాళ్ళు పట్టుబట్టారు. అలా అది టెంపోలో వచ్చి మా మగ్గాల షెడ్డు ముందు దిగింది. రెండు బారల పొడవు, మాసిన తెల్లటి ఫైబరు ఒళ్ళు.

"మంచి తొట్టి దొరికింది. కండెలు నానవెట్టుకోవచ్చు," అన్నాడు చిన్నాయన. దాని నడుమ ఇరుకైన పెట్టెలాంటి గూడు ఒకటి ఉంది, అడుగు తెరిచి ఉంది. "గా డబ్బను కోయించి తూటు మూస్తే అయిపాయె."

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆయన షెడ్డులోనే కండెలు చుట్టేదాన్ని. ఆయన ఎదుట నోరు తెరిచిన గుర్తు లేదు. అనవలసినవన్నీ డైరీలో అనేదాన్ని, అదీ బొత్తిగా మర్యాద లేకుండా.

ఆ గూడు అంచులు వేలితో తడిమి చూశాను. పగిలిన తూటుకు అంచులు అంత నున్నగా ఉండవు. మరాఠీ వాచనాలయంలో పిల్లల విజ్ఞాన సంపుటాలు వెతికితే బొమ్మ దొరికింది. గాలితో నడిచే చిన్న పడవ అది. ఆ గూట్లోంచి ఒక పలకను నీళ్ళలోకి దించుతారు. పడవ పక్కకు కొట్టుకుపోకుండా అది ఆపుతుంది.

బొమ్మను చిన్నమ్మకు చూపించి చదివాను, చిన్నాయనకు వినబడేటట్టు.

"పుస్తకంల ఉంటే అయిపాయెనా?" అన్నాడాయన. "మా నాయిన పడవ నడిపిండా, మా తాత నడిపిండా? శుక్రారం దాక ఆగుత. తెరచాప లేపి సూపెట్టు. లేకుంటే శనారం కోసెటోడు వస్తడు."

శుక్రవారం కరెంటు ఉండదు, మగ్గాలు ఆగుతాయి. నాకు నాలుగు రోజులున్నాయి. నేను చదివి చెప్పినదేదీ ఆ ఇంట్లో అంతవరకూ నిజమని తేలలేదు. ఇదైనా తేలాలి.

పడవతో వచ్చిన విడి భాగాలు అప్పటికే ఇంట్లో తలా ఒకచోట కాపురాలు పెట్టేశాయి. పలక మీద చిన్నమ్మ కండెలు ఏరుతోంది. తెరచాప కట్టే అల్యూమినియం గొట్టాల మీద నూలు చిలపలు ఆరుతున్నాయి. తెరచాప వానకు బస్తాల మీద కప్పి ఉంది. లాగి పరిచాను. మధ్యలో అరచేయంత చదరం లేదు. కత్తెరతో నీటుగా కోసిన అంచులు.

"నేనే కోసిన," అన్నాడు చిన్నాయన వెనకనుంచి. "దారాలు లెక్కవెట్టిన. బట్ట కనవడితె నేతోడు సూడడా?"

నిజమే, కొత్త బట్ట దొరికితే ముక్క కోసి భూతద్దం కింద పెట్టని నేతగాడు మాలో లేడు. ఆ నిజం నా కోపాన్ని ఏమీ తగ్గించలేదు. ఆయన మగ్గం మీద నేసిన బట్టనే అతుకు వేశాను. ఇంకోటి దొరకక కాదు. ఆయన చేసిన తూటును ఆయన బట్టే పూడ్చాలని.

శుక్రవారం పడవను రెండు టైర్ల మీద నిలబెట్టాం. మగ్గాలు బాగుచేసే మేస్త్రి సాయం వచ్చాడు. గొట్టాన్ని నిలబెట్టి, దాని కొసనుంచి మూడు తీగలు ముందుకొకటి, పక్కలకు రెండు బిగించాలి. పోయిన చీలల బదులు మగ్గం బోల్టులు వేశాడు.

"పడుగు బిగి లెక్కనే, బిడ్డా. ఒక దిక్కు ఎక్కువ గుంజితె వంకరైతది."

పేకాట వదిలి పనివాళ్ళంతా మూగారు.

"సేటూ, బంబై దాక టికెట్ ఎంత?"

"ముందు గీ పక్కూరు పూర్ణ దాక పోనియ్యిరా!"

తెరచాప అంచులో కుట్టి ఉన్న తాడును గొట్టానికున్న గాడిలోకి ఎక్కించి లాగాలి. సగంలో ఇరుక్కుంది. చిన్నాయన గట్టిగా నవ్వాడు. దించి, గాడికి మైనం రాసి, మళ్ళీ లాగాను. అరచేతులు మండాయి. కొసదాకా వెళ్ళింది. గాలి నిండింది, టైర్ల మీద పడవ ఒక్కసారి కదిలింది. ముందు నిలబడ్డవాళ్ళు వెనక్కి జరిగారు.

అంతలో పర్రుమని అతుకు చినిగింది.

"సేటు బట్ట గాలికే ఆగకపాయె!" అని ఎవరో అన్నారు. షెడ్డు ముందంతా ఒకటే నవ్వు. చిన్నాయన ముఖం నల్లబడింది.

"దించు," అన్నాడు. నేను దించలేదు. తాడు కట్టేసి పక్కన నిలబడ్డాను. నా వైపు చూడకుండా మేస్త్రితో అన్నాడు: "కోసెటోన్ని రావద్దను." తరవాత నాతో: "లేచిందని నీ డైరీ కాపీల రాస్కో. నన్ను సూసి నవ్విండ్రని సుత రాస్కో."

మర్నాడు ఆయన బల్ల మీద, భూతద్దం కింద, తెరచాపలోంచి ఆయన కోసుకున్న ముక్క కనిపించింది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. భూతద్దం జరిపి ముక్క తీసుకున్నాను.

"అడుగుతె ఇయ్యనా?"

"కోసేటప్పుడు నువ్వెవర్నన్న అడిగినవా, చిన్నాయనా?"

ఆ రోజే సూదిలో దారం ఎక్కించి, ఆ ముక్కను తెరచాపలో దాని చోటనే కుట్టాను.