పీచు కింద నీరు

నా చిన్నప్పుడు, చదువు నిమిత్తం నేను పెరిగిన మా తాతయ్యగారింట, ఒక గుడ్డ టాపు కారు ఉండేది. ఎండ చల్లబడిన వేళ ఆ గుడ్డకప్పును వెనక్కి మడిచి కాలువగట్టు వెంట వెళుతూ ఉంటే, కొబ్బరి మట్టల నీడలు మా ఒళ్ళోంచి పరుగెత్తేవి. ఐనవిల్లి చుట్టుపక్కల అటువంటి బండి మరొకటి లేదు. వెనుక సీటులో కుడివైపు మూల నాది.

ఒక వానకాలం మొదట్లో ఆ మూలన నా పాదాలకు తడి తగిలింది. కాళ్ళకింది తివాచీ అంచు ఎత్తి చూస్తే అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటికి వాన వాసన లేదు. ఎన్నాళ్ళనుంచో తలుపు తెరవని గది వాసన ఉంది. ఎవరికైనా చెబితే బండిని రాజమండ్రి షెడ్డుకు పంపుతారు, వానలు వెళ్ళేదాకా అది తిరిగి రాదు. అందుచేత దొడ్లో కాయ వలిచిన చోటినుంచి గుప్పెళ్ళకొద్దీ కొబ్బరి పీచు తెచ్చి తివాచీ కింద కూరాను. ఏది ఒలికినా, ఏది కారినా మా ప్రాంతపు పిల్లలకు మొదట తోచేది పీచే. అది నీళ్ళన్నీ తాగివేసి, పైకి అంతా పొడిగా కనబడేటట్టు చేసింది. మళ్ళీ వాన, మళ్ళీ పీచు. ఒక వానకాలం అలాగే గడిచి, రెండోది వచ్చింది.

ఆ రెండో ఏటి శ్రావణంలో మా పిన్ని, అంటే మా అమ్మకు చెల్లెలు, పురిటికి పుట్టింటికి వచ్చింది. అంతకు ముందరి రెండు కాన్పులూ చేతికి దక్కలేదు. ఈసారి నెలలు నిండకముందే తెచ్చి తన కళ్ళెదుట ఉంచాలని అమలాపురం డాక్టరమ్మగారు గట్టిగా చెప్పారు. తాతయ్యగారు ఆదివారం ఉదయానికి మంచి ఘడియ చూసి, పిన్నిని కారులో, నా మూలలోనే కూర్చోబెట్టి తీసుకువెళ్ళాలని నిశ్చయించారు. ఆ మాట చెవిన పడినది మొదలు నాకు అన్నం సహించలేదు. కొంతకాలంగా ఆ తివాచీ మీద కాలు మోపితే అది లోపలికి దిగేది. దిగి, ఆలస్యంగా పైకి వచ్చేది. ఆ దిగడం నా ఒక్కదానికే తెలుసు.

గురువారం పొద్దున వాన తెరిపి ఇచ్చింది. ప్రయాణానికి ముందు బండి చూపించడానికి తాతయ్యగారు రాజోలునుంచి మోటారు మేస్త్రీగారిని పిలిపించారు. ఆయన యుద్ధకాలంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. ఇంజను మూత ఎత్తకముందే వెనుక తలుపు తీసి, గాలి ఒకసారి లోపలికి పీల్చి, అలాగే నిలబడిపోయారు.

“లోపల నీరుందండీ.”

“టాపు కుట్లన్నిటికీ మైనం రాయించాను కదయ్యా!” అన్నారు తాతయ్యగారు.

“ఆయ్, రాయించేరండి. తప్పు టాపుది కాదేమోనండి. కాస్త పసుపూ, సున్నపుతేటా ఇప్పిస్తారా?”

మా అమ్మమ్మ నవ్వింది. “బండికి పెళ్ళి చేస్తారా ఏవిటి మేస్త్రీగారూ, పసుపూ పారాణీ అడుగుతున్నారు?”

“పెళ్ళి కాదండమ్మా, దొంగని పట్టాలండి. నీరు దూరేది ఓ చోట, తేలేది ఇంకో చోటండి.”

బండి లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, టాపు కుట్ల వెంట, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు వెంట, తలుపుల అంచులకు, సీటు వెనుక సందులకు పొడి పసుపు అద్దారు. తరువాత బయటనుంచి ఒక్కొక్క చోటే చెంబుతో సున్నపుతేట సన్నగా పోస్తూ, పోసినప్పుడల్లా లోపలికి తొంగిచూసి వేచి ఉన్నారు. సున్నం తగిలిన పసుపు ఎరుపెక్కుతుందని తెలియని ఆడపిల్ల మా ఇళ్ళలో లేదు. ఆ ఎరుపుకోసం అంత భయంగా ఎదురుచూడడం మాత్రం నాకదే మొదలు. కుట్లు పసుపుగానే ఉన్నాయి. అద్దం అంచు పసుపుగానే ఉంది. తాతయ్యగారు తేలికగా ఊపిరి విడిచారు.

ఆఖరున మేస్త్రీగారు టాపు వచ్చి ఆనే వెనుక అంచున పోశారు. కొంతసేపు ఏమీ కాలేదు. ఆ మీదట సీటు వెనుకనుంచి సన్నని ఎర్రగీత ఒకటి బయలుదేరింది. తొందర లేకుండా దిగింది, రెండుగా చీలింది, నా మూలకు వచ్చి తివాచీ కిందికి దూరిపోయింది. గాయం కనబడకుండా నెత్తురు మాత్రమే కారుతున్నట్టు ఉంది. అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న పిన్ని కడుపు మీద చెయ్యి వేసుకొని ముఖం తిప్పుకుంది.

మేస్త్రీగారు ఆ అంచు సందులో వేలు పెట్టి, మట్టితో గట్టిపడిన కొబ్బరి పూత ముద్దను పైకి తీశారు. “టాపు మీది నీరు పోడానికి ఇక్కడో గొట్టం ఉందండి. మీ చెట్ల పూత రాలి అది పూడిపోయింది. పైన ఎంత మైనం రాయిస్తే అంత నీరూ ఇక్కడికే వచ్చి లోపలికి పొర్లుతోందండి.”

తివాచీ ఎత్తారు. నల్లబడి, కుళ్ళి, అట్టకట్టిన పీచు.

“పీచెవరు పెట్టేరు?” తాతయ్యగారి గొంతు మారింది.

మేస్త్రీగారు పీచును చూశారు, నన్ను చూశారు. “అది తరవాతండి. ముందు అడుగు చూడాలండి,” అని, నా వైపు తిరిగి, “అమ్మాయిగారండీ, మీ చెయ్యి సన్నం. ఇలా రండి,” అన్నారు.

పీచు తీసిన చోట నా చేత ఇనుమును తడిమించారు. తడిసిన అప్పడంలాగా అది నా వేళ్ళకింద విరిగి రాలిపోయింది. ఆ కన్నంలోంచి తడినేలా, నేలకూ నాకూ మధ్య నల్లని ఇనుప కడ్డీ ఒకటీ కనిపించాయి.

“బండి నడిచినంతసేపూ ఇది గిరగిరా తిరుగుతుందండి,” అన్నారు నాకు మాత్రమే వినబడేటట్టు. “పైన కూర్చున్నవారి చీర కుచ్చెళ్ళు దీని మీదకి జారేయంటే...”

నా రహస్యం ఆయనకు తెలుసు, ఆయన దానిని బయటపెట్టరు, ఆ పని నాకే విడిచిపెట్టారు. నేను లేచి నిలబడి, “పీచు నేనే పెట్టాను తాతయ్యగారూ, కిందటి ఏటినుంచీ,” అన్నాను.

దెబ్బ పడుతుందనుకున్నాను. తాతయ్యగారు మెల్లగా అరుగు అంచున కూర్చున్నారు. “వాసన నాకూ కిందటేడే తగిలిందే,” అన్నారు. “బండిలో సాంబ్రాణి వేయించి ఊరుకున్నాను.”

“నా చీర అంచు రెండుసార్లు తడిసింది నాన్నా,” అంది పిన్ని. “నీ ముచ్చటైన బండికి వంక పెట్టడమెందుకని చెప్పలేదు.”

పిన్ని అమ్మమ్మ వైపు తిరిగి మళ్ళీ నోరు విప్పింది. ఈసారి మాట చాలా సన్నగా వచ్చింది.

“అమ్మా, మూడు రోజులై కాళ్ళు వాచిపోతున్నాయే. నిన్నటినించీ తల పగిలిపోతోంది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. ఘడియ పెట్టేరు కదా, ఆదివారం దాకా ఓర్చుకుందామనుకున్నాను.”

ఆ ఘడియను మరి ఎవరూ తలచలేదు. గంట తిరక్కుండా రేవులో పడవ మాట్లాడి పిన్నిని పడుకోబెట్టారు. తాళ్ళు పట్టి గట్టు మీద లాగేవారితో కలిసి మేస్త్రీగారు కూడా భుజం వేసి నడిచారు. చీకటి పడేలోపుగా అమలాపురం చేరారు. ఆ రాత్రే పిన్నికి ఆడపిల్ల, మా చెల్లెలు, పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఆదివారం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదని మా అమ్మమ్మ అడిగితే, డాక్టరమ్మగారు చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారట.

డెబ్బై దాటిన ఈ వయస్సులో, నాకు ఎవరైనా “ఏమీ లేదండీ, బాగానే ఉన్నాను” అని చెబితే వెంటనే లేచి రాలేను. వారి పక్కన మరికాసేపు కూర్చుంటాను. గుచ్చి గుచ్చి అడగను. నేను దాచుకున్నది ఏదో ఒకటి ముందుగా నేనే చెబుతాను. చాలాసార్లు, కొంతసేపు గడిచాక, అవతలివారు గొంతు సవరించుకొని మొదలుపెడతారు.