పటాన్‌చెరు సముద్రంలో మునిగిన పరువు

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, పటాన్‌చెరులో, మోకాలి లోతు లేని తొట్టిలో నిండా మునిగిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. ఎలా మునిగానో చెప్తాను, నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు ఎలాగూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడే జిగురు ఫ్యాక్టరీ ల్యాబులో ట్రెయినీగా చేరాను. పడవల జిగురు సముద్రంలో ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పడం నా పని. అతికించిన ఫైబర్ ముక్కల్ని వేడి ఉప్పునీళ్ల తొట్టిలో వారాల తరబడి నానబెట్టి, తడి ఆరకముందే మిషన్‌కు తగిలించి లాగాలి. ఎంత బలానికి ఊడాయో దాన్నిబట్టి ఆయుష్షు లెక్క. కాకినాడ పడవల ఆర్డర్ వస్తే నా ఉద్యోగం పర్మనెంట్ అని మేనేజర్ యాదగిరి సార్ మాటిచ్చారు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది.

"అన్నీ కడిగి బొట్లు పెట్టుండ్రి. ఒక్కటి గూడ ఇడువొద్దు," అన్నారు సార్.

నేను వదుల్తానా? తొట్టిలోని ముక్కల్ని బయటికి తీసి, మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పసుపు కుంకుమలతో పెళ్లికూతుళ్లలా వరసగా కూర్చోబెట్టాను. సెలవులయ్యి వచ్చేసరికి పడవలు కట్టే సత్యంగారు కాకినాడ నుంచి దిగిపోయారు. గబగబా బొట్లు తుడిచి, ముక్కల్ని నేరుగా మిషన్‌కు తగిలించాను. తడి సంగతా? ఆ కంగారులో ఎవరికి గుర్తుంది!

అబ్బో, ఏం బలం! మిషన్ మూలిగిందేగానీ ముక్కలు ఓ పట్టాన ఊడలేదు.

"పదేండ్లు ఢోకా లేదు సార్!" అన్నాను, సముద్రం మా మేనమామ అయినట్టు.

"శెభాష్‌రా!" అని యాదగిరి సార్ నా వీపు చరిచారు.

సత్యంగారు మాత్రం ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని తొట్టిలో చెయ్యి పెట్టారు. పూజరోజు నాకు దొరక్క అడుగున ఉండిపోయిన ముక్క ఒకటి ఆయన చేతికి తగిలింది.

"ఇదీ లాగండి, చూద్దాం."

లాగాం. నానిన అప్పడంలా విడిపోయింది.

"అదేంటండీ, అవన్నీ అంత గట్టిగా ఉంటే ఇదొక్కటే ఇలాగుంది?"

"అవి... దసరకు బయటికి తీసిన సార్. కడిగి ఎండవెట్టిన."

"ఏందీ, ఎండవెట్టినవా?" యాదగిరి సార్ నెత్తి పట్టుకున్నారు. "నీళ్లల్ల మెత్తవడ్డ జిగురు ఆరితే మల్ల గట్టివడ్తదని తెల్వదారా నీకు? గా లెక్కకు పదేండ్లంటవా!"

సత్యంగారు తాపీగా చెయ్యి తుడుచుకుని, సంచి భుజాన వేసుకున్నారు.

"మా సముద్రానికి దసరా సెలవులుండవండీ బాబూ!"

ఆర్డర్ ఆయనతోపాటే కాకినాడ బస్సెక్కింది. నా పర్మనెంటు దాని పక్క సీట్లో కూర్చుంది. అందుకే ఉప్పునీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నేను సెలవు పెట్టినా పెట్టకపోయినా, ఈ జన్మలో ఏ పండక్కీ సముద్రానికి మాత్రం సెలవు మంజూరు చేయను.