రెండో రబ్బరు టోపీ

మొన్న ఆదివారం మా మనవడు తన పాత మోటారుసైకిలు ఇంజను విప్పి కరీంనగర్ ఇంటి వరండా నిండా పరిచేసరికి, వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్న నా చేయి ఆగిపోయింది. కిరోసిన్, మాడిన ఇంజనాయిలు కలిసిన ఆ వాసనను ఎక్కడ తగిలినా గుర్తుపడతాను. వెళ్లి చూస్తే వాడు వేలికొసంత రబ్బరు టోపీలు రెండు అరచేతిలో పెట్టుకుని నాకు పాఠం మొదలుపెట్టాడు. వీటిని వాల్వ్ సీల్స్ అంటారట, వాల్వు కడ్డీ వెంట ఆయిలు లోపలికి జారి పొగ కాకుండా ఆపుతాయట. కడ్డీ కొనకున్న గాడి అంచు రబ్బరును కోసేస్తుంది కనుక ముందు ఒక పలుచని ప్లాస్టిక్ తొడుగు వేసి, దాని మీదుగా టోపీని దించాలట. నాకు తెలుసురా అంటే నమ్మలేదు, నవ్వాడు. ఆ నవ్వుకు జవాబుగానే ఇది రాస్తున్నాననుకోండి.

మాది పెద్దపల్లి, స్టేషనుకు పోయే తోవ. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని. పందొమ్మిది వందల అరవై రెండు ప్రాంతం, రాష్ట్రం పేరు మారి ఆరేడేళ్లయిన రోజులవి, నాకు తొమ్మిదేళ్లు. మా ఇంటికీ బాపు షెడ్డుకూ మధ్య గోడ లేదు, ఒక తడిక ఉండేది, అదీ సగం ఊడింది. ఇటు అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది, అటు బాపు ఇంజన్లు విప్పేవాడు, కాబట్టి మా ఇంట్లో జొన్న గటక మొదలు మామిడి ఒరుగుల పులుసు దాకా అన్నింటికీ కొంత తంబాకు వాసన, కొంత కిరోసిన్ వాసన అంటుకుని ఉండేవి. ఎండాకాలం వస్తే అడవి నుంచి బీడీలు చుట్టే తునికాకు కట్టలు దిగేవి, ఎండబెట్టిన ఇప్పపువ్వు మత్తు వాసన వాడంతా పరుచుకునేది. మధ్యాహ్నాలు ఆడపిల్లలం అరుగు మీద గచ్చకాయలు ఆడుతుంటే, పక్కనే అవ్వా ఆమె ఈడు ఆడవాళ్లూ తడి గోనెగుడ్డలో మెత్తబడిన ఆకును రేకు కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, కళ్లు ఇంకెటో ఉండగానే చుట్టి, కొన మడిచి, దారం వేసేవాళ్లు. వాళ్ల నోళ్లూ ఆగేవి కావు, చేతులూ ఆగేవి కావు. మా అవ్వ వేళ్లు నిద్రలో కూడా బీడీలు చుడతాయని బాపు ఎగతాళి చేసేవాడు.

అట్లాంటి బాపు ఆ ఏడు మూగబోయాడు. కిందటి వానాకాలం ఒక రైతు పొలంలో ఆయిలింజను బెల్టులో పడి ఆయన కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయాయి. గాయం మానింది గాని, ఆ తర్వాత ఆయన ఇంజను ముట్టలేదు, సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ కూర్చున్నాడు. పాత గిరాకీలు మా షెడ్డు ముందు నుంచే, తల తిప్పుకుని, తమ ఇంజన్లను మందమర్రిలో ఇంకో షెడ్డుకు తోలుకుపోయేవాళ్లు. అది జాలి అని నాకు తెలియదు, మా మీద కోపమేమో అనుకునేదాన్ని.

మిషన్ దవాఖాన కాంపౌండరు దేవయ్య ఒక్కడే అట్లా తల తిప్పుకోలేదు. ఆయన మోటారుసైకిలు మీద ఊళ్లు తిరిగి సూదులు వేసేవాడు. ఆ బండి ఎంత నీలం పొగ వదిలేదంటే, పొలిమేరలో పొగ కనబడగానే పిల్లలందరం సూదికి భయపడి గాదెల వెనక దాక్కునేవాళ్లం. మిర్గం, అదే మృగశిర కార్తె, వచ్చిందంటే వానలు, వాటి వెంటే జ్వరాలు, ఆలోగా బండి బాగు కావాలి. నలుగురూ మందమర్రి పంపమన్నా వినకుండా ఆయన బండిని తోసుకుంటూ మా షెడ్డుకే తెచ్చి, స్టాండు వేసి వెళ్లిపోయాడు. బాపు వద్దనలేకపోయాడు.

పది రోజులు పట్టింది ఇంజను విప్పి, కడిగి, అరిగినవి మార్చడానికి. బాపు చాలామటుకు ఎడమచేత్తోనే నెట్టుకొచ్చాడు. చివరికి మిగిలినవి రెండు వాల్వులకు రెండు రబ్బరు టోపీలు. పట్నం నుంచి పోస్టులో నాలుగు వచ్చాయి. వెనకటి రోజుల్లో అయితే గాడి అంచును చూపుడువేలితో తడుముకుంటూ రబ్బరును దాటించేవాడట, ఇప్పుడు తడమడానికి ఆ వేలు లేదు. మొదటి టోపీ చిరిగింది. మర్నాడు మధ్యాహ్నం రెండోదీ చిరిగింది. ఇక మిగిలినవి రెండే, అవీ చిరిగితే మళ్లీ తెప్పించడానికి నెల, అప్పటికి మిర్గం దాటిపోతుంది. బాపు పానాలన్నీ ఏరి పెట్టెలో వేసి మూత పెట్టాడు.

“నాతోని గాదిగ. రేపు బండిని మందమర్రి పంపుత. రైసుమిల్లుల కావలి పనికి పోత” అని అవ్వతో చెప్పి, స్టేషను వైపు నడిచాడు.

అవ్వ చేతిలో ఉన్న బీడీ పూర్తి చేసింది. తర్వాత చాట దించింది. పని మధ్యలో ఆమె చాట దించడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు కడుక్కుని, తడిక దాటి, చిరిగిన రబ్బరును వెలుతురుకు పట్టి చూసింది. కడ్డీ కొన మీద గోరు నడిపితే గాడి దగ్గర గోరు తట్టుకుంది. వెనక్కొచ్చి, ఈనె లేని లేత ఆకు ఒకటి ఏరి, కత్తిరించి, బీడీ లావే ఉన్న ఆ కడ్డీకి బీడీ చుట్టినట్టే చుట్టి, కొన మడిచి, ఆయిలు పూసింది. రబ్బరు టోపీని దాని మీద పెట్టి మెల్లగా తిప్పుతూ దించింది. అది గాడి దాటి, కిందికి జారి, తన చోట కూర్చుంది. ఆకు లాగేస్తే టోపీకి ఒక్క గీత లేదు.

నేను ఎగిరి గంతేసి రెండోది కూడా ఎక్కించమన్నాను. అవ్వ రెండో కడ్డీకీ ఆకు చుట్టింది, ఆయిలు పూసింది, టోపీ చేతిలోకి తీసుకుంది. తీసుకుని, బాపు పోయిన తోవ వైపు చూసింది. తర్వాత దాన్ని డబ్బా మూతలో పెట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“గది మీ బాపుది” అని, వచ్చి చాట ముందు కూర్చుంది.

పొద్దుగూకుతుండగా బాపు వచ్చాడు. ఒక కడ్డీకి టోపీ, ఇంకోదానికి తునికాకు. అవ్వ తలెత్తలేదు. ఆయన కూర్చుని, బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య టోపీ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. అది దిగింది, చిరగలేదు. కాసేపటికి తడిక అవతలి నుంచి, చాయ పెట్టమని గొంతు వినిపించింది. నెలల తర్వాత ఆయన నోరు తెరిచి ఇంట్లో ఏదైనా అడగడం అదే మొదటిసారి.

మిర్గానికి ముందే బండి పొగ లేకుండా తిరిగింది. పొగ లేక పిల్లలం దాక్కునే వీలు కూడా పోయింది, నాకూ సూది పడింది. ఇంజన్లు ఒకటొకటిగా మా షెడ్డుకు తిరిగొచ్చాయి. స్టేషనులో కూర్చుంటే ఆకు ఆలోచన తట్టిందని బాపు అందరికీ చెప్పుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి దేవయ్య ముందు నోరు తెరవబోతే అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది. లోపలికి తీసుకుపోయి, “నీకేం బాధనే? మీ బాపు పానా వట్టిండు. నాకు గదే గావాలె” అంది. ఇంజను విప్పినప్పుడల్లా బాపు వచ్చి ఆమె చాటలోంచి ఆకు ఏరుకునేవాడు. ఆమె ముందే లేతది ఒకటి పక్కకు తీసిపెట్టేది.

అవ్వ పోయినప్పుడు బాపు బాగా ముసలివాడు. దినాలై చుట్టాలంతా వెళ్లిపోయాక, నా పక్కన కూర్చుని కుడిచేయి చాపి చూసుకుంటూ అన్నాడు.

“ఒకటి మీ అవ్వ ఎక్కించింది బిడ్డా. రెండోది గూడ ఎక్కిస్తే, నేను మల్ల పానా వట్టకపోతుంటి.”

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అరుగులు రోడ్డు కింద పోయాయి, గచ్చకాయలంటే ఏమిటో నా మనవరాళ్లకు తెలియదు. బాపు కూడా పోయి చాలా ఏళ్లయింది. నేను ముగ్గురు పిల్లల్ని పెంచాను. వాళ్ల చెప్పుల వారు దగ్గర్నుంచి ఉద్యోగాల దరఖాస్తుల దాకా అన్నీ నేనే చేసిపెట్టాను, మంచి తల్లినని మురిసిపోయాను కూడా. ఇవాళ్టికీ నా పెద్దకొడుకు చిన్న పనికి కూడా నాకు ఫోను చేస్తాడు. అవ్వ దగ్గర ఆకు చుట్టడం నేర్చుకున్నాను గాని, రెండోది వదిలిపెట్టి లేవడం నేర్చుకోలేదు.