మంచి గడియ దాకా తెరిచి ఉన్న తలుపు

లైబ్రరీ పుస్తకాలతోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నానని నాకు గర్వం. కడోదరాలో మా మేనమామ నడిపే మగ్గాల కార్ఖానాకు హాజరు సాఫ్ట్‌వేర్ రాశాను. అందులో మొదట పేరు నమోదు చేసుకున్నవారే అడ్మిన్. అన్నీ తెరిచే యాక్సెస్ టోకెన్ వాళ్లకే అందుతుంది, ఆపై ఆ దారి మూసుకుపోతుంది.

పనివాళ్ల ఆధార్ నంబర్లన్నీ ఎక్కించి, సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌లో పెట్టి, "మీ పేరు కొట్టు మామా" అన్నాను.

మామ గుజరాతీ పంచాంగం తీశాడు. "జర ఆగు అల్లుడా. లాభ్ చోఘడియా, గదే మంచి గడియ, మధ్యాహ్నం ఉంది. గప్పుడే షురూ చేద్దాం."

అప్పుడు తట్టింది నాకు. అంతవరకూ ఆ తలుపు లోకమంతటికీ తెరిచే ఉంటుంది. ముందుగా ఎవరు దూరితే వాళ్లే యజమాని.

"గంత చెమటలేంది? నీ బుక్కులల్ల చోఘడియా లేదా?" మామ నవ్వాడు.

వెంటనే సర్వర్ ఆపేశాను. ఎవరూ దూరలేదని చూసుకున్నాను. నా దగ్గర మాత్రమే ఉండే రహస్య సంకేతం ఇస్తేనే మొదటి పేరు తీసుకునేలా మార్చాను.

మధ్యాహ్నం సర్వర్ మళ్లీ మొదలుపెట్టాను. మామ అగర్‌బత్తి వెలిగించి, ఒక్క వేలితో తన పేరు, నేను చెప్పిన ఆ సంకేతం కొట్టసాగాడు. తెరమీద టోకెన్ కనిపించేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.