ముసురునాటి పొద్దు

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ ఊరు మాది. కామారెడ్డి టేషన్ల గడియారం ఉన్నదంటరు, నేను సూడలె. మాకు పొద్దే దిక్కు. సూర్యుడూ పొద్దే, దినమూ పొద్దే, ఒక్కపూట తిని ఉంటె ఒక్కపొద్దు. 'పొద్దు పోతలేదు' అంటరు గని, కొత్తకోడలికి పొద్దెప్పుడు సాలింది? బారెడు పొద్దెక్కినా వాకిట్ల సాన్పు జల్లుడు ఒడవకపాయె అని మా అత్త సతాయించేది.

ముసురువట్టినంక సూర్యుడెక్కడ కనవడుతడు? అప్పుడు ఊరంత పసులమందను జూసి పొద్దు లెక్కవెట్టేది. మంద కదిలినంకనే పయనాలు.

ఆ వానకాలం, చెర్వు కింది మా మడి తనదన్నడు దొర. ఆ మడి తప్ప మాకు వేరే బతుకు లేదు. ఎల్లారెడ్డి కచ్చేరిల పది గంటలకు మూడుమాట్ల పేరు పిలుస్తరట, పలకకపోతె మడి దొరకే రాస్తరట. మా మామకు గంటలు తెల్వయి. "మంద ఇడువంగనె ఎల్లితె అందుకుంట" అన్నడు.

ఆ దినం తెల్లారంగనె ముసురు. మామ గొంగడి కప్పుకొని, కట్టె వట్టుకొని దర్వాజల నిలవడ్డడు. మంద రాదు. అత్త లోపలికీ బయటికీ తిరుగుతున్నది.

"మంద లేకుంటె మానె, నువ్వు పోరాదా?" అన్నది.

"ఇంక పొద్దెక్కలేదే. ముందుగాల్ల పోయి దొర మనుషుల నడుమ నిలవడాల్నా?" అన్నడు మామ.

నేను లోపల వంటకాడ. పొయి ఊదీ ఊదీ కండ్లు మండుతున్నయి. రాత్రి పిడుకలు లోపల వెట్టుమని అత్త చెప్తె మర్సిన. నానినయి, అంటుకుంటలేవు.

ఎప్పటికో మంద కదిలింది. మామ ఉరికిండు. మాపటికి తిరిగొచ్చి తడిసిన గొంగడి గూడ తియ్యకుంట కూసున్నడు. "పిలుసుడు అయిపోయింది" అన్నడు.

నెల తిరగకముందే గదే మడిల కూలికి నాటెయ్యవోయినం. నా పక్కన వంగిన పసులకాపరి పెండ్లాం మాటల మాటగ అన్నది: "ముసురునాడు మాకేం తెలుస్తది అక్కా? మీ ఇంటి పొగ లేసినంకనే మా ఆయన మంద ఇడుస్తడు. ఆ దినం మీ పొయి మస్తు ఆల్శెమాయె."

నా చేతుల నారు జారింది. మామ గట్టు మీదికెల్లి కట్టలు అందిస్తున్నడు. సచ్చేదాక ఆయన పసులకాపరినే తిట్టిండు. ఒగనాడు నడిబజార్ల వాన్ని కొట్టవోయిండు గూడ. నేను పక్కనే ఉన్న. నోరిప్పలె.