పోలయ్య మామ ఆలస్యం

నలభై మంది మనుషుల్ని, ఒక నిండు వలని, ఒక మంచి గొంతుని ఒకే పొద్దున నీళ్లపాలు చేయబోయిన ఘనుణ్ణి నేనే. తుఫానూ గిఫానూ ఏమీ రాలేదు. ఒక్క లాప్‌టాప్ సరిపోయింది.

నా పేరు మస్తాన్. విడవలూరులో మా నాన్నది మైకుల షాపు. పెళ్లిళ్లకు స్పీకర్లు కట్టేది ఆయన, కంప్యూటర్లో పాటలు కట్టేది నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సంగీతం నాతోనే పుట్టిందనీ, నాతోనే పోతుందనీ గట్టి నమ్మకం.

సముద్రం ఒడ్డున పాలెంలో పోలయ్య మామ ఉండేవాడు. ఒడ్డున నిలబడి అలివి వల లాగేటప్పుడు కేక పెట్టేది ఆయనే. వలకు రెండు తాళ్లు, ఒక్కో తాడుకి ఇరవై మంది. మామ మధ్యలో నిలబడి రేకు డబ్బా మీద మూడు దెబ్బలు కొట్టి, నాలుగో దెబ్బకు "ఐలెస్సా!" అంటే రెండు వైపులా ఒక్కసారే లాగాలి. ఒక వైపు వెనకబడిందా, వల వంకర పోతుంది. చేపలు మర్యాదగా రెండో వైపు నుంచి వెళ్లిపోతాయి. పాలెం మొత్తానికి ఆ పూట అన్నం ఆ కేక మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ మామకు గొంతు ఆపరేషన్ అయింది. నెల రోజుల్లోపు నోరు తెరిస్తే ఇక గొంతే ఉండదని డాక్టరు చెప్పాడు. అప్పుడు నేను ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు.

"అత్తా, మామ కేక నా కంప్యూటర్లో ఉండాది. పోయిన నెల సరదాకి రికార్డు చేసినా. స్పీకర్లో నేను పెట్టిస్తా," అన్నాను మామ భార్య సుబ్బమ్మత్తతో.

"పెట్టించు అబ్బయా. ఈయన మాత్రం నోరు తెరిచినాడంటే నీ తాట తీస్తా."

ఆ రికార్డింగు ఉన్నదున్నట్టు వేసి ఉంటే ఈ కథే లేదు. కానీ అలా వేస్తే ఇక నా గొప్పేముంది? చేప వలలో పడకముందే పులుసుకు పాట కట్టే రకాన్ని నేను. గాలి రొద తీసేసి, మామ దెబ్బల చోట పెద్ద డ్రమ్ములు పెట్టాలనుకున్నాను. కానీ మామ నాలుగో దెబ్బ ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. అందం అంతా అందులోనే ఉంది. మనిషి చేతికుండే ఆ నడకనే మేము గ్రూవ్ అంటాం. షాపులోని పాత కంప్యూటర్లో ఆ ఆలస్యాలన్నీ అంకెలుగా తీశాను. కొత్త లాప్‌టాప్‌లో ప్రోగ్రాము వేరు. పాత ఫైలును దగ్గరికే రానివ్వలేదు. సరే అని అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే కొత్తదాంట్లో కొట్టాను. విని చూశానా? నా గొప్పతనం మీద అంత నమ్మకం, వినలేదు!

తెల్లవారింది. వల సముద్రంలో ఉంది. నలభై మందీ తాళ్లు పట్టారు. సుబ్బమ్మత్త మామ నోటికి తుండుగుడ్డ కట్టి పక్కన నిలబెట్టింది. నేను మీట నొక్కాను.

ధన్, ధన్, ధన్... నాలుగోది రాదే! ఉత్తరం తాడు ముసలాళ్లు అలవాటు కొద్దీ లాగేశారు. దక్షిణం తాడు కుర్రాళ్లు స్పీకరు కోసం ఆగి, తర్వాత లాగారు. వల మీద తేలే బెండ్లు ఒక పక్కకు వాలిపోయాయి.

"ఏందబ్బా, ఈ పెట్టె నిద్రపోతా ఉండాదా?" అని అరిచాడు ఒక ముసలాయన.

"ఒక్క నిమిషం అన్నా, తాళ్లు వదలబాకండి!"

కాగితం తీసి అంకెలు చూశాను. అప్పుడు వెలిగింది. పాత ప్రోగ్రాము ఒక్కో బీటును తొమ్మిదివందల అరవై ముక్కలు చేస్తుంది, కొత్తది నాలుగువందల ఎనభై. సోలలతో కొలిచినదాన్ని అదే లెక్కకు తవ్వలతో పోశాను. ఆలస్యం రెట్టింపయింది. అంకెలన్నీ సగం చేస్తుంటే, సముద్రం తాడును వెనక్కి గుంజుతోంది. మనుషులు మడమలతో ఇసుకలో చాళ్లు తీస్తున్నారు.

"ఎంతసేపురా? చేతులు కోసుకపోతాండాయి!"

"అయిపోయింది, లాగండి!"

ఈసారి నాలుగు లాగులు బ్రహ్మాండంగా కుదిరాయి. నేను సుబ్బమ్మత్త వైపు చూసి కాలరు కూడా ఎగరేశాను. ఐదో లాగుకు అల ఇంకా దూరంగానే ఉంది. నా డ్రమ్ముకు ఆ సంగతి తెలియదు. మోగింది. నలభై మందీ లాగారు, అదే సమయానికి నీళ్లు వెనక్కి పోయాయి, నలభై మందీ బొక్కబోర్లా పడ్డారు. తాడు పాములా సముద్రంలోకి జారిపోతోంది. నేను గబుక్కున మీట ఆపేశాను.

మామ తుండుగుడ్డ పీకేశాడు.

"పట్టండ్రా! ఆగండి... ఆగండి... ఐలెస్సా!"

ఆ గొంతు చీలి రెండుగా వచ్చింది. కానీ నలభై మంది చేతులూ ఒక్కటయ్యాయి. వల ఒడ్డెక్కేదాకా ఆయన ఆపలేదు. చేపలు దక్కాయి. మామ నా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు:

"నేను ఆలస్యంగా కొట్టేదేందిరా? అల వచ్చి వలను తోసేదాకా ఆగి కొడతా. నువ్వు పట్టుకపోయింది పోయిన నెల సముద్రం. నీ పెట్టెకు కళ్లుండాయా?"

నాకు సిగ్గుతో తల ఇసుకలో పెట్టుకోవాలనిపించింది. గొంతు అదృష్టం కొద్దీ దక్కింది గానీ, డాక్టరు ఇంకో నెల మౌనం వేశాడు. సుబ్బమ్మత్త తీర్పు చెప్పింది.

"ఈ నెలంతా కేక నువ్వే పెట్టాల."

"నాకు అల చూసేది తెలీదే అత్తా!"

"ఆయన నీ ఎనక నిలబడతాడులే."

నిలబడ్డాడు. మర్నాటి నుంచి డబ్బా నా చేతిలో, నా వీపు మామ చేతి కింద. మూడు దెబ్బలు నేను డబ్బా మీద కొట్టడం, అల సరిగ్గా వచ్చిన క్షణాన నాలుగోది ఆయన నా వీపు మీద చరచడం. "ఐలెస్సా!" అని నేను పెట్టిన కేకలో నటన ఏమీ లేదు. మామ నడక ఒక్క ముక్క తేడా లేకుండా దిగింది మాత్రం అక్కడే.

అందుకే సముద్రం సాక్షిగా, నా వీపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఎవరి ఆలస్యాన్నీ ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదాంట్లోకి ఊరికే మార్చను. ఎందుకు ఆగావని ముందు ఆ మనిషినే అడుగుతాను. అదీ వీపు గోడకు ఆనించి మరీ అడుగుతాను.