కుడిచేతికి జడచుట్టు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇది చెప్పాక కూడా ఉండదు. పరవాడలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పరీక్ష చేయనిదే దేన్నీ ఒప్పుకోను, పెళ్లిచూపుల్లో తాగిన కాఫీని తప్ప.

నాకు కెరటోకోనస్. కంటి ముందుండే కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది. చిన్నప్పటి నుంచీ కళ్లు నులుముకునే అలవాటు దాన్ని ఇంకా పెంచింది. కుడికంటికి కళ్లజోడూ, లెన్సూ పనిచేయక చివరికి ఆపరేషన్ చేయించుకున్నాను. లేజర్‌తో కోసి, దాత కార్నియా పై పొరలు మాత్రమే అతికించి కుట్లు వేశారు. లోపలి పొర నాదే. కన్ను నులిమితే కుట్లు తెగుతాయి, చూపే పోవచ్చు అని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

నిద్రలో నా చేయి నా మాట వినదు. మొదటి రోజే కంటిమీది ప్లాస్టిక్ మూత లాగి పారేశాను. భయమేసింది.

అనకాపల్లిలో మాది అద్దె ఇల్లు. మా ఆవిడ సుజాత టీచరు. రాత్రిళ్లు నా చేయి పట్టుకుని పడుకునేది; పగలు నా నిద్ర ఎవరూ చెడగొట్టకుండా బయట తాళం వేసుకుని స్కూలుకు వెళ్లేది. మధ్యాహ్నం చుక్కలు వేసుకుని పడుకునేవాణ్ణి. సాయంత్రం తను నా కుడి మణికట్టుకున్న కట్టు విప్పుతుంటే మెలకువ వచ్చేది. మెత్తటి తువ్వాలు మెలితిప్పి మంచంకోడుకి కట్టి ఉండేది.

రోజూ ఇదే వరస. భోజనాల వేళ వచ్చి కట్టి వెళుతోందనుకుని మురిసిపోయాను. ఆ కట్టు జడచుట్టు. చెరకు గాలికి పడిపోకుండా ఎండాకు మెలితిప్పి గెడలను కలిపి కడతారే, అది. మునగపాకలో మా పొలంలో చూసిందే. టౌన్లో పెరిగిన మనిషి ఎక్కడ నేర్చుకుందో అనుకున్నాను గానీ అడగలేదు.

చెకప్‌లో కుట్లన్నీ గట్టిగా ఉన్నాయన్నారు. బయటికొచ్చాక సుజాతతో, "అంతా నీ కట్టు చలవే" అన్నాను.

"నేనెక్కడ కట్టేనండీ? మీరే కట్టుకుని పడుకుంటన్నారనుకున్నాను. నేను విప్పడమే."

ఇంటికెళ్లి ఒంటిచేత్తో కట్టి చూశాను. ముడి పడదు. ఆమెనూ కట్టమన్నాను. లాగగానే ఊడిపోయింది. తాళంచెవి ఒక్కటే, అది ఆమె బ్యాగులోనే ఉంటుంది.

మర్నాడు సుజాత సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. ఎవరూ రాలేదు. కట్టూ లేదు. నేను నిద్రలేచేసరికి ఆమె చెమటలు కక్కుతూ నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఒకసారి కాదండీ, మళ్లీ మళ్లీ కంటిమీదకి లేపేరు. ఆపలేక సచ్చేను. ఇన్నాళ్లూ ఎవరాపేరండీ?"

ఆ కంటితో ఇప్పుడు కంపెనీ బస్సు నంబరు దూరం నుంచే చదువుతాను. ఆ కార్నియా ఇచ్చినవాళ్లు చెరక్కి జడచుట్టు కట్టినవాళ్లేమో, పరీక్ష చేసే వీలు లేదు. ఎవరు ఆపారో మాత్రం నేను చెప్పలేను.